అంతరిక్షంలో ఓవర్‌టేక్

ఆ సోమవారం ఉదయం, భూమికి అయిదు వందల కిలోమీటర్ల ఎత్తున, ఒక జూనియర్ ఒక సీనియర్‌ని ఓవర్‌టేక్ చేసింది.

ఆకాశంలో ఎవరూ గమనించలేదు. కింద, సమూహ ఉపగ్రహ మండలి ఆఫీసులో, లిఫ్టు కోసం నిలబడ్డ దక్షిణామూర్తి గారు గమనించారు.

లిఫ్టు పక్కన గోడకి పెద్ద టీవీ ఉంది. నల్లటి తెర మీద నాలుగు చుక్కలు, ఒక్కో చుక్క పక్కన ఒక అంకె. చూడవచ్చిన వాళ్ళకి మండలి పంపిన నాలుగు బుల్లి ఉపగ్రహాలు ఎక్కడున్నాయో తెలియాలని పెట్టింది. మండలిలో పనిచేసే వాళ్ళెవరూ దాని వంక చూడరు. ఆ రోజు లిఫ్టు మూడో అంతస్తులో ఇరుక్కుంది కాబట్టి దక్షిణామూర్తి గారు చూశారు. నాలుగో చుక్క మెల్లగా, ఏ మొహమాటమూ లేకుండా, ఒకటో చుక్కని దాటి ముందుకి వెళ్ళిపోయింది.

ఆయన లిఫ్టు మాట మరిచి, టిఫిన్ క్యారియర్‌తో మెట్ల వైపు పరిగెత్తారు.

ఆయన హోదా సంయుక్త సంచాలకులు, మర్యాదల విభాగం. మండలిలో రాకెట్టు వాళ్ళు ముగ్గురూ మర్యాదల వాళ్ళు పదకొండు మందీ ఉంటారు. మండలి ప్రాంగణంలో ఒక ఆచారం ఉంది: డైరెక్టరు గారి కారుని ఎవరూ దాటకూడదు. వెనకటికి ఒక డైరెక్టరుకి స్పీడంటే భయం. కారు నడుస్తోందా ఆగిందా అన్నట్టు వెళ్ళేది. వెనక స్కూటర్ల వాళ్ళు మొహమాటానికి దాటేవారు కాదు. ఆ డైరెక్టరు రిటైరయ్యారు, మొహమాటం మిగిలిపోయింది. దక్షిణామూర్తి గారు వచ్చాక దానికి ‘అగ్రగమన నిషేధ ఉత్తర్వు’ అని పేరు పెట్టి సంతకం చేశారు. ఒకసారి అంబులెన్సు కూడా ఆ కారు వెనకే పాక్కుంటూ వెళ్ళింది. అదృష్టం బాగుండి లోపలున్న క్యాషియరుది గ్యాస్ నొప్పి.

మెట్లెక్కి పైకొచ్చిన దక్షిణామూర్తి గారు ఆయాసం తీరకుండానే హైమావతిని పిలిపించారు.

హైమావతి ఇంజన్ల మనిషి. ఆ నాలుగు ఉపగ్రహాలు ఒక్కొక్కటీ చెప్పుల పెట్టె అంత ఉంటాయి. వాటిలో పట్టే ఇంజను చెయ్యాలని ఆవిడ నాలుగేళ్ళు కూర్చుంది. పెట్రోలు లేదు, మందుగుండు లేదు. ఒక్కో దానిలో అరలీటరు మంచినీళ్ళు. ఆ నీళ్ళని చిటికెడు చిటికెడుగా ఆవిరి చేసి సన్నటి గొట్టంలోంచి ఊదితే ఉపగ్రహం అవతలికి జరుగుతుంది. అందరూ దాన్ని ‘హైమావతి ఇడ్లీపాత్ర’ అని వెక్కిరించారు. పని చేశాక వెక్కిరించడం మానేసి ఫొటోల్లో పక్కన నిలబడ్డారు.

“అమ్మా హైమావతీ, ఒకటో నంబరు ఎవరి పేరు మీద ఉన్నది?”

“డైరెక్టరు గారి పేరు మీదండి. మండలిలో ప్రతి వస్తువూ ఎవరో ఒక ఆఫీసరు పేరు మీద ఉండాలన్నారు కదా.”

“నాలుగోది?”

“ట్రైనింగు సెల్‌దండి.”

“ట్రైనింగు సెల్!” దక్షిణామూర్తి గారు కళ్ళు మూసుకున్నారు. “సదరు నాలుగవది, సదరు ఒకటవ దానిని దాటి ముందుకు పోవుట నేను స్వయముగా చూచితిని.”

హైమావతికి నవ్వొచ్చింది. అదే ఆవిడ చేసిన మొదటి పొరపాటు. “సార్, అవి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయండి. చిన్నప్పుడు ఆడపిల్లలు చేతులు పట్టుకుని ఒప్పులకుప్ప తిరుగుతారు చూడండి, అలాగ. కాసేపు ఇది ముందుంటే కాసేపు అది. ఒకసారి తిప్పి వదిలేస్తే వాటంతటవే తిరుగుతాయి, చుక్క నీరు ఖర్చు కాదు.”

“అది వాహనమేనా?”

“ఉపగ్రహం సార్.”

“ఇంజను ఉన్నదా?”

“అయ్యో, ఉందండీ! నేను చేసిందే,” అంది హైమావతి, గర్వంగా. అది రెండో పొరపాటు.

“ఇంజను ఉండి కదులునది వాహనము,” అన్నారు దక్షిణామూర్తి గారు. “మండలి వాహనములన్నిటికీ అగ్రగమన నిషేధము వర్తించును. ఎత్తు గురించి ఉత్తర్వులో మినహాయింపు ఏమీ లేదు.”

సాయంత్రానికల్లా కాగితం వచ్చింది. నాలుగు ఉపగ్రహాలూ హోదా ప్రకారం ఒకదాని వెనక ఒకటి నడవాలి. ఇకపై ఏ ఇంజనుకి ఆదేశం పంపాలన్నా దక్షిణామూర్తి గారి ఫోనుకి ఓటీపీ వస్తుంది. ఆయన చెబితేనే ఇంజను కదులుతుంది.

డైరెక్టరు పరంజ్యోతి గారు మంచివారు. “నాదేముందయ్యా, నాకు పట్టింపుల్లేవు,” అన్నారు. మళ్ళీ ఒకసారి అదే అన్నారు. మూడోసారి మాత్రం, “అయినా రూలు రూలే కదా,” అని ఫైలు ముయ్యడంతో అది ఖాయమైంది.

*

“వరసలో నిలబెడితే మన పని గోవిందా,” అన్నాడు రవూఫ్.

రవూఫ్ ఉపగ్రహాలకి కళ్ళూ చెవులూ చేసిన మనిషి. కళ్ళు ఒకదాన్నొకటి చూసుకోవడానికి. ఒక్కో ఉపగ్రహానికి మిణుకుమనే దీపం పెట్టి, పక్కదాని దీపం ఎంత దూరంలో ఉందో కనిపెట్టే చిన్న కెమెరా బిగించాడు. చెవులు సముద్రం కోసం. చేపల వేటకెళ్ళే చిన్న బోట్లకి అగ్గిపెట్టెలాంటి డబ్బా ఒకటి ఇస్తారు. ఆపదలో మీట నొక్కితే అది బలహీనంగా కూస్తుంది. నాలుగు ఉపగ్రహాలు నాలుగు దిక్కుల నుంచి ఆ కూత విని, బోటు ఎక్కడుందో తేల్చాలి. తుఫాన్ల రోజుల్లో దాన్ని పరీక్షించి చూడాలి. ఆ పని కోసమే ఇదంతా.

“ఒంటిచెవి వాళ్ళు నలుగురు రోడ్డు మీద వరసగా పోతున్నారనుకోండి,” అన్నాడు రవూఫ్. “కేక వినపడింది. ఎంత దూరమో చెప్తారు. ఎడమ పక్క పొలంలోంచా, కుడి పక్క పొలంలోంచా అంటే మాత్రం నోరెళ్ళబెడతారు. కొంచెం అటూ ఇటూ విడిపోతేనే చెప్పగలరు.”

హైమావతి తెర మీద నీళ్ళ మట్టం చూసింది. వరసలోకి తేవడానికి నీళ్ళు కావాలి. తుఫాను వేళకి మళ్ళీ విడదీయడానికీ నీళ్ళు కావాలి. మధ్యలో ఎవరూ కెలక్కపోతే సరిపోతాయి.

ఆవిడకి పూడిమడక జాలరి ఎల్లాజీ గుర్తొచ్చాడు. డబ్బా తన బోటులో పెట్టుకుంటానని మొదట ఒప్పుకున్నది అతనే. దాన్ని అరచేతిలో తిప్పి తిప్పి చూసి, “అమ్మా, ఇది నొక్కితే నేనేటైపోయినానో మీకు తెలిసిపోద్దా?” అని అడిగాడు. తెలుస్తుందని హైమావతి మాటిచ్చింది. ఆ రోజు నాలుగూ హాయిగా ఒప్పులకుప్ప తిరుగుతున్నాయి.

“మధ్యలో ఎవరూ కెలకరులెండి,” అంది పైకి.

అది మూడో పొరపాటు.

వరస కట్టిన వారానికే దక్షిణామూర్తి గారు టేపు పట్టుకుని వచ్చారు. జూనియర్‌కీ సీనియర్‌కీ మధ్య గౌరవప్రదమైన దూరం ఉండాలట. హోదాల మధ్య తేడా ఎంతో దూరం అంత. డైరెక్టరుకీ అదనపు డైరెక్టరుకీ మధ్య కొంచెం, అక్కణ్ణుంచి కిందికి ఇంకా ఎక్కువ, ట్రైనింగు సెల్ అయితే కేక వినపడేంత. “అంతరిక్షంలో కేకలు వినపడవు సార్,” అని రవూఫ్ అన్నాడు. “అయితే మరికొంచెం దూరము,” అన్నారు ఆయన. నీళ్ళు ఖర్చయ్యాయి.

తర్వాత కళ్ళ సంగతి బయటపడింది.

“ఈ నాలుగవది ఏమి చేయుచున్నది?”

“ముందున్న వాటి దీపాలు చూస్తోందండి. దూరం కొలవడానికి.”

“ఎంతసేపు?”

“ఎప్పుడూ చూస్తూనే ఉంటుంది సార్.”

“డైరెక్టరు గారి దానిని! కన్నార్పకుండా!” దక్షిణామూర్తి గారు కుర్చీ పట్టుకున్నారు. “నేను ముప్పది సంవత్సరముల సర్వీసులో డైరెక్టర్ల బూట్లు తప్ప మొహము సరిగా చూచి ఎరుగను. ఇకమీదట చూపు కిందికి ఉండవలెను. పై నుంచి పిలుపు వచ్చినప్పుడు మాత్రమే తల ఎత్తవలెను. ఇంకొకటి, దీపము పెట్టుకొను హక్కు డైరెక్టరు గారి వాహనమునకు మాత్రమే గలదు. మిగతా మూడింటి దీపాలూ ఆర్పించండి.”

దీపాలు ఆరాయి. కళ్ళు కిందికి వాలాయి. మూడు ఉపగ్రహాలు గుడ్డిగా, వినయంగా, గంటకి ఇరవై ఏడు వేల కిలోమీటర్ల వేగంతో సాగిపోయాయి.

పది రోజులు తిరక్కుండానే మూడోది రెండోదాన్ని దాదాపు గుద్దేసింది. భూమ్మీది రాడారు చూసి కబురు చెబితే, హైమావతి ఓటీపీ కోసం పరిగెత్తింది. దక్షిణామూర్తి గారు భోజనం చేస్తున్నారు. చెయ్యి కడుక్కుని, కళ్ళజోడు వెతుక్కుని, ఒక్కో అంకే చదివారు. ఇడ్లీపాత్రలు బుస్సుమన్నాయి. ఉపగ్రహాలు జానెడు దూరంలో తప్పుకున్నాయి.

“తాకినవా?” అని అడిగారు ఆయన.

“లేదండి, కానీ...”

“తాకలేదు గదా. తాకియుంటే మూడవది క్షమాపణ చెప్పుకోవలసి వచ్చేది.” మజ్జిగ కలుపుకున్నారు.

అప్పుడే పరంజ్యోతి గారు మోకాలి చిప్ప మార్పించుకోవడానికి సెలవు పెట్టారు. అదనపు డైరెక్టరు చెంచురామయ్య గారికి ఇన్‌చార్జి ఇచ్చారు. కాబట్టి రెండో నంబరు ముందుకి రావాలి, ఒకటోది సెలవులో ఉన్న అధికారి వాహనం కాబట్టి దాని వెనక్కి రావాలి. నీళ్ళు ఖర్చయ్యాయి. సెలవు మధ్యలో పరంజ్యోతి గారు తన ఆస్పత్రి బిల్లు మీద తానే సంతకం పెట్టుకోవడానికి ఒక పూట వచ్చారు. ఆ పూట ఒకటోది ముందుకి, రెండోది వెనక్కి. ఆయన మధ్యాహ్నం ఆటోలో ఇంటికెళ్ళగానే మళ్ళీ రెండోది ముందుకి.

“హైమ గారూ, నీళ్ళెన్ని ఉన్నాయి?” అన్నాడు రవూఫ్.

“ఇంకొక్కసారి సర్దడానికి ఉన్నాయి. వరసైనా మార్చచ్చు, ఒప్పులకుప్పకైనా తిప్పచ్చు. రెండూ కుదరదు.”

“డైరెక్టరు గారు ఎప్పుడు జాయినవుతారు?”

“శుక్రవారం.”

“వాతావరణం వాళ్ళు తుఫాను ఎప్పుడన్నారు?”

హైమావతి కిటికీలోంచి తూర్పు వైపు చూసింది. ఆకాశం అప్పుడే మసిగుడ్డలా ఉంది.

*

శుక్రవారం తెల్లారేసరికి ఎల్లాజీ డబ్బా కూయడం మొదలెట్టింది.

వేటకెళ్ళిన బోట్లన్నీ కబురంది వెనక్కొచ్చేశాయి. ఎల్లాజీది రాలేదు. ఇంజను చెడి ఉంటుంది. బోటులో అతనూ, ఇద్దరు తమ్ముళ్ళూ. కూత సన్నగా, ఆగి ఆగి వస్తోంది. నాలుగు ఉపగ్రహాలూ విన్నాయి. వరసలో నిలబడి, తలలు వంచుకుని, రవూఫ్ చెప్పినట్టే రెండు జవాబులు చెప్పాయి: బోటు ఇక్కడుంది, లేదా అక్కడుంది. రెంటికీ మధ్య నాలుగు వందల కిలోమీటర్ల సముద్రం.

హైమావతి తీర రక్షణ వాళ్ళకి ఫోన్ చేసింది.

“ఒక్క ఓడే ఉందమ్మా,” అన్నాడు అవతలి ఆఫీసరు. “ఒక చోటు చెప్పండి. రెండు చోట్లకి వెళ్ళే టైము లేదు, రేపటికి తుఫాను అక్కడికి వచ్చేస్తుంది. మధ్యాహ్నంలోగా చెప్తే బయల్దేరతాం.”

“ఇప్పుడు తిప్పితే మధ్యాహ్నానికి తేలిపోతుంది,” అన్నాడు రవూఫ్ పక్కనుంచి. “రెండు చుట్లు చాలు.”

హైమావతి ఆదేశం టైపు చేసింది: నాలుగూ విడిపోవాలి, తిరగాలి. తెర మీద ఒక చిన్న గడి వచ్చి నిలబడింది. ఓటీపీ.

“సారు ఎక్కడ?”

రవూఫ్ వేలితో కిటికీ చూపించాడు.

కింద స్వాగతం జరుగుతోంది. పరంజ్యోతి గారు కొత్త మోకాలితో తిరిగి వస్తున్న మొదటి రోజు. సిబ్బంది అంతా హైవే మలుపు దగ్గర కాచుకుని, తమ తమ వాహనాలతో డైరెక్టరు గారి కారు వెనక హోదా ప్రకారం రావాలని దక్షిణామూర్తి గారు ఉత్తర్వు వేశారు. వరస చెడకుండా చూసుకోవడానికి తాను అన్నిటికంటే చివర, జీపులో.

మండలి లోపలి రోడ్డు మెయిన్ బిల్డింగు చుట్టూ గుండ్రంగా తిరుగుతుంది. ఒక్క బండి పట్టే వెడల్పు. గేటు దాటగానే పోర్టికో. కానీ మొదటిసారి అక్కడ ఆగకూడదు. వాస్తు ప్రకారం బిల్డింగుకి ప్రదక్షిణం చేసి, రెండోసారి వచ్చినప్పుడు దిగాలి. స్వాగతం కదా అని రోడ్డుకి రెండు వైపులా ఎక్కడా సందు లేకుండా బంతిపూల కుండీలు పెట్టించారు.

కారు గేటు దాటింది. పోర్టికో దాటింది. ప్రదక్షిణం మొదలెట్టింది. వెనక చెంచురామయ్య గారి కారు, వెనక ఇంకో కారు, వెనక స్కూటర్లు, బైకులు, క్యాంటీన్ వ్యాను. కారు బిల్డింగు చుట్టూ తిరిగి మళ్ళీ గేటు దగ్గరికి వచ్చే వేళకి వరసలో చిట్టచివరి బండి అప్పుడే గేటు దాటి లోపలికి వచ్చింది.

దక్షిణామూర్తి గారి జీపు. పోర్టికోకి పది గజాల ఇవతల. డైరెక్టరు గారి కారు ముందు.

జీపు టక్కున ఆగింది. దాని వెనక డైరెక్టరు గారి కారు ఆగింది. దాని వెనక చెంచురామయ్య గారు ఆగారు. ఆయన వెనక అందరూ, వరసగా, గుండ్రంగా, జీపుకి ముందున్న క్యాంటీన్ వ్యాను దాకా ఆగిపోయారు. ముందుకి పోయే దారి లేదు. వెనక్కి పోవడానికి వీల్లేదు. పక్కన బంతిపూలు. డైరెక్టరు గారు దిగి నడవడానికి మోకాలు కొత్తది.

హైమావతి ఫోన్ చేసింది.

“సార్, ఓటీపీ కావాలి. అర్జంటు. బోటులో ముగ్గురు మనుషులున్నారు.”

“ఏ ఆదేశమునకు?” ఆయన గుసగుసగా అడిగారు.

“నాలుగూ ఒప్పులకుప్పకి తిప్పాలి సార్.”

“అసంభవము. జూనియర్లు సీనియర్ల ముందుకు... అగ్రగమన నిషేధము... పైగా ఓటీపీ ఎవరికీ చెప్పరాదని బ్యాంకు వారు రోజూ సందేశము పంపుచున్నారు.”

“సార్, ఒక్క మాట. మీరిప్పుడు ఎక్కడున్నారు?”

“కాన్వాయ్ చివర ఉన్నాను.”

“మరి డైరెక్టరు గారు?”

“కాన్వాయ్ మొదట ఉన్నారు.”

“అంటే మీకెటు వైపు సార్?”

జీపు సీటు కిర్రుమంది, ఆయన వెనక్కి తిరిగి చూసినట్టుంది. దూరంగా ఎవరో హారన్ సగం కొట్టి మానేశారు.

“... నా వెనక,” అన్నారు దక్షిణామూర్తి గారు.

రవూఫ్ నోటికి కర్చీఫ్ అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగాడు. హైమావతి గొంతు మాత్రం మారలేదు.

“డైరెక్టరు గారి ముందు మీరున్నారా సార్?”

“అమ్మా, మెల్లగా. డ్రైవరు వింటున్నాడు. నేను ఆయన వెనకనే వచ్చితిని. ఆయనే నా వెనకకు వచ్చిరి. ఇందులో నా దోషము లేదు.”

“ఉత్తర్వులో అలా లేదు కదండీ. మినహాయింపులేమీ లేవన్నారు.”

“ఆ ఉత్తర్వు రాసినది నేనే. ఛార్జిషీటు ఇచ్చునదీ నేనే.” ఆయన గొంతు పీలగా అయిపోయింది. “నాకు నేనే ఎట్లా ఇచ్చుకొందునమ్మా? వచ్చే నెలలో నా ప్రమోషను ఫైలు కదులుతుంది.”

“ఒక దారుంది సార్. గుండ్రంగా తిరిగే దారిలో ముందూ వెనకా అనేవి ఉండవని మీరు ఇప్పుడే ఒక సవరణ జారీ చేస్తే, మీరు డైరెక్టరు గారి ముందున్నట్టు కాదు. ఎవరూ ఎవరి ముందూ ఉన్నట్టు కాదు.”

అవతల ఊపిరి పీల్చుకున్న శబ్దం. తర్వాత, ముప్పై ఏళ్ళ సర్వీసు వెన్నెముక నిటారుగా చేసుకున్నట్టు, ఆ గొంతు మళ్ళీ లేచింది:

“రాసుకొనుము. వలయాకార మార్గములయందు సంచరించు వాహనముల విషయమై ముందు, వెనుక అను భేదము లేనందున, అగ్రగమన నిషేధము వర్తించదని ఇందుమూలముగా స్పష్టము చేయడమైనది. ఈ ఉత్తర్వు... ఈ ఉత్తర్వు ఇవాళ ఉదయము నుంచే అమలు.”

“ఉపగ్రహాల దారి కూడా వలయమే సార్.”

“అదెట్లు?”

“భూమి గుండ్రంగా ఉంటుంది కదండీ.”

దక్షిణామూర్తి గారు, వెనక నుంచి డైరెక్టరు గారి కారు అద్దం దిగుతున్న చప్పుడు వినపడి కాబోలు, భూమి గురించి వాదించలేదు. “ఉండనీ. ఓటీపీ రాసుకొనుము.”

అంకెలు చెప్పారు. హైమావతి మీట నొక్కింది. అయిదు వందల కిలోమీటర్ల ఎత్తున నాలుగు ఇడ్లీపాత్రలు బుస్సుమన్నాయి. రవూఫ్ ఎవరినీ అడక్కుండా దీపాలన్నీ వెలిగించి, కళ్ళన్నీ పైకెత్తించాడు.

మధ్యాహ్నానికి నాలుగు చెవులూ నాలుగు పక్కలకి విడిపోయాయి. కూత ఇంకా వస్తోంది. రెండు చోట్లలో ఒకటి తెర మీంచి చెరిగిపోయింది. మిగిలింది కుడి వైపుది, అంటే తూర్పుది.

హైమావతి ఫోనందుకుంది. “తూర్పుకి వెళ్ళండి,” అంది. ఫోను పెట్టేశాక కూడా తెర మీద మిగిలిన ఆ ఒక్క చోటునే చూస్తూ కూర్చుంది.

*

మర్నాడు ఉదయం ఎల్లాజీ ఓడ మీంచి ఫోన్ చేశాడు. వెనక గాలి హోరు.

“అమ్మా, డబ్బా బాగా పన్జేసింది! మా ఇంజనే పన్జెయ్నేదు. మీరు ఇంజన్లు సేస్తారంట గదా, మాకూ ఒకటి సేసి పెడుదురూ?”

“నాది నీళ్ళతో నడుస్తుందయ్యా.”

“మరేటి! ఇక్కడున్నవన్నీ నీల్లే గదా!”

హైమావతి చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వింది.

సాయంత్రం దక్షిణామూర్తి గారు కంట్రోల్ రూముకి వచ్చారు. మనిషి కులాసాగా ఉన్నారు. వలయ మార్గాల సవరణ దూరదృష్టితో కూడినదని పరంజ్యోతి గారు మెచ్చుకున్నారట. ముగ్గురి ప్రాణాలు కాపాడిన ఉత్తర్వు అని పేపరు వాళ్ళకి కూడా చెప్పారట. అక్కడా గోడ మీద ఉన్న అలాంటి టీవీ ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. నాలుగు చుక్కలూ తిరుగుతున్నాయి. నాలుగోది ఒకటోదాన్ని దాటింది. ఆయన చలించలేదు. తల పంకించి, “వలయము,” అన్నారు ఆప్యాయంగా.

ఆ మీదట కళ్ళజోడు సవరించుకున్నారు. తెరకి దగ్గరగా వెళ్ళారు.

“అమ్మా హైమావతీ. ముందు, వెనుక సరే. కానీ ఈ నాలుగవది... డైరెక్టరు గారి దానికంటే కొంచెము పైన ఉన్నట్లు కనబడుచున్నదేమి?”

హైమావతి తన ముందున్న చిన్న తెర వంక చూసింది. నాలుగో దాని నీళ్ళ మట్టం అడుగున సన్నటి నీలం గీత. ఇంకొక్క గుక్కెడు ఉంది. మళ్ళీ వరస కట్టడానికి చాలదు గానీ, వచ్చే తుఫానులో చిన్న సర్దుబాటుకి సరిపోతుంది.

రవూఫ్ టీ గ్లాసు తీసుకొచ్చి సరిగ్గా ఆ గీతకి అడ్డంగా పెట్టాడు.

“నిజమే సార్, పైనే ఉంది,” అంది హైమావతి, ఎంతో విచారంగా. “దింపుదామంటే చుక్క నీళ్ళు లేవండి.”